పొగ వద్దన్న మా వదినగారు

మా వదినగారు మొన్న మంగళవారం పొద్దున్నే పోయారు. కబురు తెలిసి పొలాలకు వెళ్లేవాళ్లు ఆగారు, పడవలు తోసేవాళ్లు ఆగారు. సున్నపు బట్టీ మాత్రం ఆగలేదు. ఆవిడను వాకిట్లో పడుకోబెట్టి ఉండగా ఆ పొగ మా కొబ్బరిచెట్ల మీదుగా వచ్చి ఆవిడ ముఖం మీద నుంచే పోయింది. జన్మలో ఆవిడ గడప తొక్కనివ్వని చుట్టం అదొక్కటే. ఆఖరి చూపుకు అదీ వచ్చింది.

నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కాను. వీధిబడిలో నేర్చుకున్న నాలుగు ముక్కలతో ఇది రాస్తున్నాను. తప్పులుంటే చదివేవారు దిద్దుకోండి. కోపాన్ని మాత్రం దిద్దకండి.

మాది అల్లవరం దగ్గర ఊరు. దక్షిణాన కోసెడు దూరంలో సముద్రం, ఉత్తరాన ఏరు. ఆవిడ మా అన్నయ్య భార్య. పదహారేళ్లకు మా ఇంటికి కాపురానికి వచ్చారు. అప్పటికి నాకు పదకొండేళ్లు, మా అమ్మ పోయి ఏడాది. అన్నంలో నెయ్యి కలిపి, చేపముల్లు ఏరి పెట్టింది ఆ చెయ్యే.

ఆవిడకు మొదట ఆడపిల్ల, తర్వాత మగపిల్లాడు. మా వైపు పురిటిగది ఎలా ఉంటుందో తెలియనివారికి చెబుతాను. కిటికీ మూసేస్తారు. తలుపు సందుల్లో పాతగుడ్డలు కుక్కుతారు. పూటపూటా బిడ్డకు నీళ్లు పోసి, నిప్పుల కుంపటిలో వాము, వెల్లుల్లి పొట్టు, సాంబ్రాణి వేసి, దాని మీద బుట్ట బోర్లించి, ఆ బుట్ట మీద బిడ్డను పడుకోబెడతారు. చలి పోతుందని, జలుబు చేయదని. అందరి ఇళ్లలోనూ ఇంతే. బిడ్డ దగ్గితే ఇంకాస్త పొగ వేస్తారు.

మొదటి పిల్ల ఇరవయ్యో రోజు నుంచి దగ్గింది. గొంతులో పిల్లికూతలు మొదలయ్యాయి. మా నాయనమ్మ "పొగ చాలడం లేదే" అంది. పొగ పెంచారు. ఆ పిల్ల మూడు నెలలు దాటలేదు.

రెండోవాడికీ అదే వచ్చింది. ఒక సాయంత్రం వాడి రొమ్ము ఎగిరెగిరి పడుతుంటే వదినగారు వాణ్ణి ఎత్తుకొని, పురిటాలు గడప దాటకూడదన్నా వినక, ఏటిగట్టు మీదకు పరుగెత్తారు. వెనకాలే నేనూ పరుగెత్తాను. గట్టు మీద గాలి చల్లగా ఉంది. కాసేపటికి వాడి ఊపిరి కుదుటపడింది. పాలు కూడా తాగాడు.

"చూసేవా మరిదీ, వీడికి కావలసింది ఇదీ" అన్నారు ఆవిడ. నవ్వుతూ ఏడుస్తున్నారు.

ఇంతలో నాయనమ్మ వచ్చింది. "పసిగుడ్డును గాలిలో పెట్టేవే, బుద్ధుందా నీకు? గాలి సోకితే ఏం చేస్తావే?" అని చెయ్యి పట్టి లోపలికి లాక్కుపోయింది. తలుపు మూసింది. నాతో "నిప్పులు ఊదరా" అంది. ఊదాను. మూడో రోజున పిల్లాడు పోయాడు.

గాలి సోకి పోయాడన్నారు ఊళ్లో. తల్లే చంపుకుందన్నారు. గట్టు మీద వాడు పాలు తాగడం చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఎవరితోనూ చెప్పలేదు. నన్నెవరూ అడగలేదని ఇన్నాళ్లూ అనుకుంటూ వచ్చాను. అది సాకు.

ఆవిడకు మళ్లీ పిల్లలు కలగలేదు. అన్నయ్య పోయాక కూడా మాతోనే ఉన్నారు. పిల్లాడు పోయిన రోజు నుంచీ ఆవిడకు పొగంటే పగ. వంట పొయ్యిని పెరట్లోకి మార్చేశారు. తడికట్టె తెచ్చినవాడికి ఆ పూట అన్నం ఉండేది కాదు. "నీ కట్టె ఏడుస్తోంది నాయనా, దాని ఏడుపు ఆరేక నువ్వు తిందువుగాని" అనేవారు. పొద్దున్నే పెరట్లో నిలబడి పైట చెంగు పైకెత్తి, అది ఎటు ఎగురుతుందో చూసేవారు. "ఇవాళ గాలి మంచిదండి" అనో, "ఇవాళ గాలికి బుద్ధి లేదండి" అనో ఇంట్లో అందరికీ చెప్పేవారు. మా ఆవిడ నవ్వుకునేది. నేనూ నవ్వాను.

కాలువ పనులు మొదలైన ఏడాది గుల్లసున్నానికి గిరాకీ వచ్చింది. సముద్రపు గుల్లలు కాల్చి చేసే సున్నం అది. ఊరికి దక్షిణాన, ఇళ్లను ఆనుకుని, బట్టీ పెట్టారు. ఆ ఏడాదే నాకు మనవడు పుట్టాడు. పురిటిగదిలోకి కుంపటి తీసుకెళ్తుంటే వదినగారు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. కుంపటి లాక్కొని పెరట్లో బోర్లించారు.

మంత్రసాని గొడవపడింది. "ఇద్దర్ని పోగొట్టుకున్న చెయ్యి అది. మూడోవాడి జోలికి ఎందుకమ్మా?"

"ఇద్దర్ని పోగొట్టుకున్నాను కనకే తెలుసే. నేనుండగా ఈ గదిలో పొగ లేవదు. నీకంత సరదాగా ఉంటే మీ ఇంటికెళ్లి నువ్వు కూర్చో బుట్ట మీద."

మనవడు చక్కగా పెరిగాడు. వాడికి ఐదో నెలలో ఎండలు వచ్చాయి. ఎండాకాలమంతా మాకు సముద్రపు గాలి. బట్టీలో కొబ్బరి డొక్కలూ బొగ్గూ గుల్లలూ కలిపి కాలుస్తుంటే ఆ పొగ, ఆ సున్నపు దుమ్ము తిన్నగా ఊరి మీదకు వచ్చాయి. పిల్లాడి గొంతులో నాకు తెలిసిన ఆ పిల్లికూతలు మళ్లీ వినపడ్డాయి.

వదినగారు పెట్టె తెరిచి తన పెళ్లినాటి ఎర్రంచు చీర తీశారు. చింపి నాలుగు ముక్కలు చేశారు. ఒక ముక్క తడిపి దక్షిణపు కిటికీకి కట్టారు. ఆరినప్పుడల్లా తడిపేవారు. ఒకరోజు దాన్ని చెంబులో పిండితే నీళ్లు తెల్లగా వచ్చాయి. ఆ చెంబు పట్టుకొని, నన్ను వెంటబెట్టుకొని, కరణంగారి అరుగు మీదకు వెళ్లారు. అక్కడ నలుగురు పెద్దలూ, బట్టీ ఆసామీ కూర్చుని ఉన్నారు.

"పాలు తెచ్చేరేంటమ్మా మాకు?" అన్నాడు ఆసామి.

"పాలు కావండి. మా కిటికీ గుడ్డ పిండిన నీళ్లు. ఒక్క పూటవి. పుచ్చుకోండి."

"నేను తాగడమేంటమ్మా!"

"తమరు తాగలేనిది మా పిల్లాడు పీలుస్తున్నాడండి."

కరణంగారు సర్దబోయారు. "సున్నప్పొగ మంచిదేనేమోనమ్మా. ఈ ఏడు ఊళ్లో దోమలే లేవు, చూసేరా?"

"దోమ చచ్చే పొగలో పసివాడెలా బతుకుతాడండి బాబూ?"

"సరే, ఇప్పుడేం చెయ్యమంటారు?"

"బట్టీని ఊరికి ఉత్తరాన ఏటి ఒడ్డుకు మార్చమనండి. అప్పుడు ఈ గాలికి పొగ ఏటి మీదకు పోతుంది. అటు ఇళ్లు లేవు."

ఆసామి తల అడ్డంగా తిప్పాడు. "గుల్లబండి ఇంకో అర కోసు నడవాలండి. ఎడ్లు పడిపోతాయి."

"ఎడ్ల ఊపిరి గురించి బెంగపడ్డారు. సంతోషమండి."

అప్పుడు ఆసామి నా వైపు తిరిగాడు. "పిల్లాడి తాతగారు మీరు కదండీ. ఆడవారి మాటలకేం గానీ, ఈ ఏడాదికి ఇలా పోనిద్దాం. ఏవంటారు?"

అందరూ నన్నే చూశారు. ఏటిగట్టు నాకు గుర్తొచ్చింది. చెప్పాలనే నోరు తెరిచాను. నా నోట్లోంచి వచ్చింది మా వైపు అవునన్న మాట ఒక్కటే. "ఆయ్."

వదినగారు చెంబు పట్టుకొని ముందు నడిచారు. ఇంటి గుమ్మం దగ్గర ఆగారు. "మరిదిగారూ, ఆవేళ నిప్పులు ఊదేరు. చిన్నవారు, తెలియక ఊదేరు. మరి ఇవాళ?" అని లోపలికి వెళ్లిపోయారు.

ఆ మాట మీద నేను ఈ ఎనిమిదేళ్లూ అన్నం తిన్నాను.

ఆ వారమే ఆవిడ పిల్లాణ్ణి తీసుకొని ఏటి మధ్య లంకకు వెళ్లిపోయారు. అక్కడ మాకు గుమ్మడిపాదులు, ఒక తాటాకు పాక ఉన్నాయి. ఎండాకాలమంతా అక్కడే. ఏటేటా అంతే. వారానికోసారి పడవలో బియ్యం పట్టుకెళ్లేవాణ్ణి. మనవడు ఇసకలో పరుగెత్తేవాడు. పరుగెత్తి, ఆయాసపడకుండా నిలబడి, "తాతా, దిగు" అని అరిచేవాడు. వానలు పడి గాలి మళ్లాక ఇద్దరూ ఇంటికి వచ్చేవారు.

బట్టీలో గుల్ల తట్టలు మోసే ఒక మనిషి ఉంది. ఆమె మొదటి బిడ్డ ఉబ్బసంతో పోయింది. "మనకు లంక ఉందండి. దాని కడుపున పుట్టినవాళ్లకేం ఉంది?" అనేవారు వదినగారు. పోయినేడాది ఆమెకు మళ్లీ బిడ్డ పుడితే, ఎర్రంచు చీరలో రెండు ముక్కలు పట్టుకెళ్లి ఇచ్చారు. ఒకటి ఉయ్యాల మీద కప్పి తడుపుతూ ఉండమన్నారు, రెండోది మార్చుకోమన్నారు. బట్టీ మేస్త్రీ ఆటపట్టించాడట, "దొరసానమ్మా, మాకూ ఒక పట్టుచీర చింపండి" అని. "నీకు చాలదురా, నీ నోరు పెద్దది" అని వచ్చారట.

ఈ ఎండాకాలం ఆవిడ మోకాళ్లు లేవలేదు. పడవ ఎక్కలేకపోయారు. మనవణ్ణి వాళ్ల అమ్మతో లంకకు పంపించి, ఆవిడ ఆ కిటికీ పక్కనే ఉండిపోయారు. నెలకే ఆవిడ గొంతులోనూ పిల్లికూతలు వచ్చాయి. ఆఖరి రోజుల్లో మాట ఊపిరికి అందేది కాదు. గాలి ఎటుందో చెంగు ఎత్తి చూడమని నాకు సైగ చేసేవారు. నేను కండువా ఎత్తి చూసి చెప్పేవాణ్ణి. రెండుసార్లు అబద్ధం చెప్పాను.

శవం తలదగ్గర ఎవరో సాంబ్రాణి వెలిగించబోయారు. నేను ఆ కుంపటి పట్టుకెళ్లి పెరట్లో బోర్లించాను. వింతగా చూశారు. చూడనిచ్చాను.

పిల్లలు లేనివారు కనక నిప్పు పట్టుకున్నది నేనే. శ్మశానం దారి బట్టీ పక్క నుంచే. దింపుడు కళ్లం కూడా అక్కడే. సగం దారిలో పాడె దించి, అయినవాళ్లు చెవి దగ్గర మూడుసార్లు పిలవడం మా వాడుక. ప్రాణం ఎక్కడన్నా మిగిలి ఉంటే పలుకుతుందని. ఆ చోటు ఎప్పటిదో. బట్టీయే దాని పక్కకు వచ్చి కూర్చుంది. మోసేవాళ్లు దగ్గుతున్నారు.

"పొగగా ఉందండి. నాలుగడుగులు దాటేక దించుదామండి" అన్నాడొకతను.

"ఇక్కడే" అన్నాను.

పాడె దించారు. నేను వంగలేదు. నిలబడే, ఊరికి వినపడేలా పిలిచాను. వదినా. వదినా. వదినా. ఆసామి చేతులు కట్టుకొని అక్కడే నిలబడి ఉన్నాడు. ఆయన వైపు తిరిగాను.

"ఆవేళ నేను ఆయ్ అన్నానండి. అది తప్పు. గట్టు మీద ఆ పిల్లాడు పాలు తాగేడు. నేను చూసేను. వాణ్ణి చంపింది పొగ. ఈవిణ్ణి చంపిందీ పొగే. బట్టీ ఉత్తరానికి మార్చండి."

"శవం దగ్గర ఇవేం మాటలండీ," అన్నాడాయన. "ముందు కార్యం కానివ్వండి."

కార్యం అయింది. బట్టీ అక్కడే ఉంది. ఈ కాగితం రాస్తుంటే దాని పొగ నా సిరా మీదకు వస్తోంది. అర కోసు. ఇద్దరు బిడ్డల్ని పోగొట్టుకున్న మనిషి మూడోవాడి కోసం ఏరు దాటింది. ఎడ్లు అర కోసు నడవలేవట.

ఆ రోజు పాడె మళ్లీ ఎత్తబోతుంటే గుల్ల తట్టలు మోసే ఆ మనిషి తట్ట దించి వచ్చింది. వదినగారి కాళ్లకు దణ్ణం పెట్టింది. బట్టీ పక్కనే ఉన్న తన పాక చూరు కిందికి వెళ్లింది. ఉయ్యాల మీది ఎర్రంచు గుడ్డ తీసి, కుండలో ముంచి, మళ్లీ కప్పింది. మేం పాడె ఎత్తుకుని కదిలేటప్పటికి ఆ అంచు నుంచి చుక్క తర్వాత చుక్క ఇసక మీద తెల్లగా పడుతోంది.