పిండి ఆరేదాకా

అమ్మ ఆదివారం పొద్దున్న తలకు నూనె పెట్టుకున్నాక ముఖానికి పిండి పూసుకునేది. రెండు చెంచాల శనగపిండి, చిటికెడు పసుపు, కలపడానికి పెరుగు. బెంగాల్‌లో మేముండే సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్‌లో మా పక్కింటి బెంగాలీ ఆవిడ మసూర్ అనే ఎర్రపప్పును పచ్చిపాలలో నానబెట్టి నూరి పూసుకునేది. అమ్మ అదీ నేర్చుకుని రెండూ కలిపేసింది.

"ఆ పప్పుతో నునుపొస్తాది, మన పిండితో జిడ్డు పోతాది. రెండూ ఉంటే ఏటి నష్టం?" అనేది.

గిన్నెలో మిగిలినది నాన్న మెడకు రాసేది. ఆయన పనిచేసే షాలిమార్ రైల్వే యార్డు ఎండలో కమిలిన మెడ అది. ఏ పిండికీ తెల్లబడలేదు.

పిండి ఆరేదాకా మాట్లాడకూడదు. మాట్లాడితే పగుళ్ళొస్తాయని, ఆ పగుళ్ళే తర్వాత ముడతలవుతాయని అమ్మ నమ్మకం. ఆమెకు ఎవరు చెప్పారో తెలియదు. రోజంతా నోరు ఊరుకోని మనిషి ఆ ఇరవై నిమిషాలు వంటింటి గుమ్మం దగ్గర పీట మీద కళ్ళు మూసుకుని కూర్చునేది.

చెడ్డ కబుర్లన్నీ మేం అప్పుడే చెప్పేవాళ్ళం. అది నాన్న కనిపెట్టిన పద్ధతి. కొత్త గొడుగు లోకల్ ట్రైన్‌లో మరచిపోయిన సంగతి ఆయన అలాగే చెప్పారు. లెక్కల్లో నేను తప్పిన సంగతి కూడా అలాగే బయటపడింది. అమ్మ ముక్కుతో "ఊఁ" అనేది, వేలు చూపించేది. ఒకసారి గిన్నెతో నేలను కొట్టింది. ముఖం మాత్రం కదలనిచ్చేది కాదు. నాన్నకు అది చాలదు, నవ్వించాలని చూసేవారు.

"ఒలే గుంటా, మీ అమ్మని సూడు. గోడకి సున్నం ఏసినట్టు లేదూ?"

అమ్మ ముఖం కడుక్కుని వచ్చేసరికి కోపం సగమైనా తగ్గి ఉండేది. "ఇద్దరూ కలిసి నా నోరు కట్టేసినారు" అని మాత్రం అనేది. అదంతా తెలిసే కూర్చునేదని నాకు చాలా ఏళ్ళకు గాని అర్థం కాలేదు.

నాన్న పోయాక నేనూ అమ్మా దగ్గరలోనే ఒక చిన్న ఫ్లాట్‌కు మారాం. కిందటి చలికాలంలో ఒక ఆదివారం అమ్మ పిండి కలిపి నన్ను పీట మీద కూర్చోమంది.

"నాకిప్పుడొద్దమ్మా, ఆఫీసు పనుంది."

"ఆదివారం కూడా ఆఫీసేటే? కూకో. మొకం సూసుకున్నావా, మీ నాన్న మెడలాగయ్యింది."

నవ్వి కూర్చున్నాను. నుదుటి నుంచి గడ్డం దాకా తీరిగ్గా పూసింది. చేతులు కడుక్కుని వచ్చి ఎదురుగా నేల మీద కూర్చుంది.

"ఇప్పుడు నాను సెప్తాను. నువ్వు మాటాడకు, పగిలిపోతాది."

కడుపునొప్పికని డాక్టరు దగ్గరకు ఒక్కతే వెళ్ళిందట. కేన్సరని, తగ్గే దశ దాటిందని, మందు ఎక్కిస్తే కొన్ని నెలలు కలిసిరావచ్చని ఆయన చెప్పారట.

"నాను ఎక్కించుకోను. ఆస్పత్రి మంచం నాకొద్దు. ఇక్కడే ఉంటాను. నువ్వు బలవంతం సెయ్యకు."

నలభై దగ్గరపడినదాన్ని. పిండి పగిలితే ఏమీ కాదని తెలుసు. అయినా నోరు తెరవలేదు. కళ్ళ కింద పిండి తడిసి జారితే అమ్మ వేలితో సర్దింది.

ఆరాక కడుక్కున్నాను. వాదించడానికి కావలసిన మాటలన్నీ స్నానాలగదిలో సిద్ధం చేసుకున్నాను. బయటికొచ్చేసరికి అమ్మ పప్పులో పోపు వేస్తోంది.

"కారం సరిపోయిందేటో సూడు" అంది.

చూశాను. సరిపోయిందన్నాను.

తర్వాత ఆ మాట మేమిద్దరం ఎత్తలేదు. వానలు వెళ్ళేదాకా తన పనులు తనే చేసుకుంది. దుర్గాపూజకు ముందు ఇంట్లోనే పోయింది. నచ్చచెప్పాల్సింది కదా అని బంధువులు ఇప్పటికీ అడుగుతారు. అమ్మ నా మౌనాన్ని ఒప్పుకోలుగా తీసుకుంది. నేను ఒప్పుకున్నానో, మాట్లాడలేకపోయానో నాకు తెలియదు. ఆమె అడిగినది ఆమెకు దక్కింది. అంతవరకే చెప్పగలను.