స్టేట్ ఫెయిర్‌లో ఒంగోలు గిత్త

మా తాతయ్య ఒంగోలు పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా రిటైరై, విమానమెక్కి ప్లేనోలో మా ఇంటికి వచ్చారు. 2009లో, పశువుల్ని కూడా ప్రదర్శించే స్టేట్ ఫెయిర్ తిరునాళ్లకి తీసుకెళ్తే, మూపురమున్న తెల్లటి ఆబోతు ముందు ఆగిపోయారు.

"ఒరేయ్, ఇది మన ఒంగోలు గిత్తరా! దీని ముత్తాతలు మనవైపే ఓడెక్కి ఈ దేశానికొచ్చారు. తెలుగులో పిలిస్తే రాకపోతే నా పేరు మార్చుకుంటా!"

ఆ మాట దాని యజమానికి నా చేత ఇంగ్లీషులో చెప్పించారు కూడా.

"రా నాయనా, రా, రా" అని ఎంత బతిమాలినా అది గడ్డి నములుతూనే ఉంది. చెమటలు పట్టాయి పాపం, తాతయ్యకి.

నేను ఊరుకుంటానా? "కమాన్, బడ్డీ!" అన్నాను. అది చక్కా వచ్చి నా చెయ్యి నాకింది. యజమాని పడీపడీ నవ్వాడు.

తాతయ్య తగ్గలేదు. "ఒంగోలుదేరా, అనుమానం లేదు. ఇక్కడ పుట్టింది కదా, అచ్చం నీలాగే తయారైంది!"