రబ్బరుకు తగిలిన చెయ్యి

పోయినవి ముందు లెక్క పెడతాను. నాకు అదొక్కటే చేతనైన పని.

నాలుగు తలుపుల రబ్బర్లు. కాలనీ లోపలికి పోయే గేటు పాసు ఒకటి. రోజూ తెల్లారి కడిగే పద్నాలుగు కార్లు. పదిహేడేళ్ల పేరు. ఇవి నా కంటి ముందు పోయాయి. ఒక మనిషికి తన చేతి మీద ఉన్న నమ్మకం కూడా పోయింది. దాన్ని ఏ అంకెలో వెయ్యాలో ఇరవై రెండేళ్లుగా తెలియడం లేదు. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మీరు నాకు తెలియదు, నేను మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

రాయచూరు దగ్గర థర్మల్ ప్లాంటు కాలనీ గేటు బయట నాకు రేకుల షెడ్డు ఉండేది. పాత కార్లకు నలుపు తెప్పించడం నా పని. మా ఎండకు, ప్లాంటు బూడిదకు బంపర్లు, తలుపుల మీది నల్ల పట్టీలు నాలుగేళ్లలో గేదె చర్మంలా తెల్లబడేవి. వేడిగాలి గన్నుతో కాస్తే ప్లాస్టిక్ లోపలి నలుపు పైకి వస్తుంది. జానెడు చోట ఏడు అంకెలు లెక్కపెట్టాలి. ఎనిమిదికి జిడ్డుగా మెరుస్తుంది, పదకొండుకు కరుగుతుంది. ఎవరూ నేర్పలేదు. విరిగిన బంపరు ముక్కల మీద కాల్చి చూసి, నోటుబుక్కులో రాసుకుని నేర్చుకున్నాను. తలుపుల సందుల్లోంచి వాన నీళ్లు రాకుండా ఆపే రబ్బర్లకు మాత్రం గ్లిజరిన్, నీళ్లు. ఏ ముక్క మీద ఏ నూనె ఎన్ని రోజులు నిలిచిందో అన్నీ రాసేవాణ్ణి.

ఖాజా భాయ్ కాలనీలో కార్లు కడిగేవాడు. నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. బకెట్టు, గుడ్డలు, డీజిల్ డబ్బా నా షెడ్డులోనే పెట్టుకునేవాడు. కారు అడుగున అంటిన తారు మరకలకు ఆ డీజిల్. నేను పెదవులు కదుపుతూ లెక్కపెట్టడం చూసి నన్ను ముంషీ, అంటే లెక్కల గుమాస్తా, అని పిలిచేవాడు. "ఏంది ముంషీ, అన్నం మెతుకులు గూడ లెక్కవెట్టి తింటవా?" అని నవ్వేవాడు.

ఒక శుక్రవారం ఉదయం ప్లాంటు ఇంజినీరు గారు తన పాత కారు తెచ్చి వదిలారు. వాళ్లది సింధనూరు వైపు కాలువ కింద వరి పండించే కుటుంబం, కోస్తా నుంచి వచ్చినవాళ్లు. ఆ కారు వాళ్ల ఇంట్లో మొదటి బండి, ఖాజా భాయ్ రోజూ కడిగే పద్నాలుగింటిలో ఒకటి. అలాంటి కార్ల తయారీ ఆగిపోయి చాలా కాలమైంది, విడి భాగాలు దొరకవు. లింగసుగూరులో వాళ్లన్న గృహప్రవేశానికి పోవాలి, పన్నెండు గంటలకు కావాలన్నారు. సరేనన్నాను.

పదింటికి కరెంటు పోయింది. చిమ్నీల పొగ కనబడే చోట, మాకే కరెంటు లేదు. గన్ను పని చెయ్యదు. పదకొండుకు రాలేదు. పదకొండున్నరకు కూడా రాలేదు. కాలేదని చెప్తే ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదు. తెల్లబడిన బంపరుతోనే లింగసుగూరు పోయేవారు. కానీ నేను చెప్పిన టైముకు పని అవుతుందని కాలనీ అంతా అనుకునేది. ఆ మాటకు నేను రుచి మరిగాను.

ఖాజా భాయ్ నమాజుకు పోయాడు. ఆయన డబ్బాలోంచి డీజిల్ పోశాను. పక్క షెడ్డు మెకానిక్ పారబోసిన నల్ల ఇంజన్ ఆయిల్ కలిపాను. మూడు పాళ్లకు ఒక పాలు. గుడ్డ ముంచి బంపర్లు తుడిచాను. నల్లగా నిగనిగలాడాయి. తలుపుల రబ్బర్లు తెల్లగా మిగిలి ఎబ్బెట్టుగా కనబడ్డాయి. గ్లిజరిన్ సీసా చేతికందే దూరంలోనే ఉంది. కానీ దానితో రబ్బరు మెత్తబడడానికి గంట పడుతుంది. అదే గుడ్డతో రబ్బర్లు కూడా తుడిచేశాను.

తెలియక చేశానా? లేదు. రబ్బరుకు డీజిల్ పడదని నా నోటుబుక్కులోనే ఉంది. సోమవారం సబ్బు నీళ్లతో కడిగేస్తే మూడు రోజులే కదా, మూడు రోజులకు ఏం కాదు అని ఒక అంకె వేసుకున్నాను. ఆ అంకె దేని మీదా పరీక్షించింది కాదు. సోమవారం ఇంజినీరు గారే షెడ్డు ముందు ఆగి, "కొత్త బండిలా ఉందని అందరూ అడిగారయ్యా" అన్నారు. ఆ మాట విన్నాక, కడగాలి, బండి ఇటివ్వండి అని చెప్పడానికి నోరు రాలేదు.

పదకొండో రోజు వాన. మర్నాడు ఆయన కారు తెచ్చి నిలిపారు. రబ్బర్లు ఉబ్బి, గాడిలోంచి బయటికి వేలాడుతున్నాయి. ముట్టుకుంటే జిగురు. ఖాజా భాయ్ పక్కనే గుడ్డలు పిండుతున్నాడు.

"బండిలో చెప్పు మునిగేంత నీళ్లయ్యా. మా అమ్మ తెల్లచీరంతా మసి. నీకు తెలుస్తుందిగా, ఏం తగిలితే రబ్బరు ఇలా అవుతుంది?" అన్నారు.

వేలితో తీసి వాసన చూశాను. చూడాల్సిన అవసరం నాకు లేదు. అయినా చూశాను.

"డీజిల్ సార్. డీజిల్ తగిలితే రబ్బరు ఉబ్బుతది."

అబద్ధం కాదు. నా జీవితంలో నేను చెప్పిన అతి పెద్ద అబద్ధం అదే.

ఆయన అటు తిరిగారు. "ఖాజా, తారు మరకలు దేంతో తుడుస్తావు?"

"డీజిల్ తోనే సార్. గానీ కింద రేకుకే. రబ్బరు దిక్కు పోను. పదిహేడేండ్ల నుంచి ఎన్నడు పోలే." తర్వాత నా వైపు చూశాడు. ఆ చూపులో అనుమానం లేదు. అదే నన్ను తింటోంది. సలహా అడిగే చూపు అది. "ఏం ముంషీ, నువ్వు చెప్పు. ఎర్క లేకుంట గుడ్డ తగిల్తె గూడ గిట్లయితదా?"

"తగిల్తె అయితది, ఖాజా భాయ్."

ఖాజా భాయ్ తన చేతిలోని గుడ్డను చూసుకున్నాడు. "అయితె నా చెయ్యే సార్. ముంషీ లెక్క తప్పదు. కండ్లు సక్కగ కనబడ్తలేవు ఈ నడుమ."

ఇంజినీరు గారు తిట్టలేదు. తిడితే నేను నోరు తెరిచేవాణ్ణా? ఏమో. కాలనీలో ఒకరి నుంచి ఒకరికి మాట పాకింది. ఆ నెలాఖరుకు ఖాజా భాయ్ గేటు పాసు మళ్లీ రాయలేదు. ఖాజా భాయ్ బకెట్టు తీసుకుని, డీజిల్ డబ్బా నాకే వదిలి మాన్వికి, చెల్లెలి ఇంటికి పోయాడు. వేరే ఊళ్లోనూ కార్లు కడగొచ్చు. కడగలేదు. రైసు మిల్లులో కాపలాకు కుదిరాడు.

నాలుగేళ్ల తర్వాత మాన్వి బస్టాండులో కలిశాడు. చాయ్ తనే తాగించాడు. ఎదురుగా ఒక కారు ఆగింది. దాని బంపరు తెల్లబడి ఉంది. "సూడు ముంషీ, నీ గిరాకీ ఒచ్చింది" అన్నాడు. అంటూనే రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు. "బండి కనబడితె చేతులు దాసుకుంట. యాడ తగుల్తనో ఏమో" అని నవ్వాడు. నా బస్సు రావడానికి ఇంకా పద్దెనిమిది నిమిషాలుంది. చెప్పాల్సిన మాటకు మూడు సెకన్లు చాలు. బస్సెక్కాను.

తర్వాత ఆయన పోయాడని ఎవరో అన్నారు. ప్రతి అంకెనూ రెండుసార్లు సరిచూసుకునే నేను, ఆ కబురును మాత్రం ఒక్కసారి కూడా సరిచూడలేదు. ఎందుకు? బతికే ఉన్నాడని తేలితే వెళ్లాల్సి వస్తుంది కాబట్టి. ఈ వాక్యం రాశాకే నాకు అది పూర్తిగా తెలిసింది.

మీకు చెప్పాను. ఛాతీలో కొంచెం చోటయినట్టుంది. అంతవరకే. ఆయన చేతులు జేబుల్లోంచి బయటికి రాలేదు. ఆయనకు చెప్పాల్సిన మాటలు నేను చాలాసార్లు లెక్కపెట్టుకున్నాను. ఆ చెయ్యి నీది కాదు, నాది.

ఐదు. నేటికీ ఐదు మాటలూ బాకీయే.