కంటోన్మెంట్‌లో అరవై రెండు ఇళ్ళు

ఆ రోజుల్లో నాకు వచ్చిన తమిళమంతా ఒక బస్సు టికెట్టు వెనక రాసుకోవచ్చు. విశ్వాసం మాత్రం లారీకి సరిపడా ఉండేది. ఒంగోలు నుంచి చెన్నై వచ్చి మూడు నెలలు. వారమంతా ఫోనులో ఎవరెవరికో ఇంగ్లీషులో క్షమాపణలు చెప్పే ఉద్యోగం, ఆదివారం మాత్రం తెలుగులో దేవునికి చెప్పుకునేవాణ్ణి. మా తెలుగు సంఘం ఒక లారీ టైర్ల కొట్టు మేడ మీద కూడుకునేది. కింద టైరుకు గాలి కొట్టే మోత మొదలైనప్పుడల్లా పాస్టరు అయ్యగారు ప్రార్థనలో గొంతు పెంచేవారు. ఆ ఏడాది కొట్టు యజమాని, క్రిస్మస్ లోపల మేడ ఖాళీ చేయమన్నాడు. నలభై మందిమి. పోవడానికి చోటు లేదు.

అప్పుడే ఎవరో చెప్పారు, పరంగిమలై కొండ కింద కంటోన్మెంట్‌లో ఒక కమ్యూనిటీ హాలుందని, లోపల ముప్పై తెలుగు కుటుంబాలున్నట్టు చూపిస్తే ఆదివారాలు మనకు ఇస్తారని. అయ్యగారు నా భుజం మీద చెయ్యి వేశారు. "తమ్ముడూ, నువ్వు వెళ్ళి ఆ దేశాన్ని వేగు చూసి రా. తెలుగు ఇళ్ళు ఎన్నో, ఏ మూల ఎన్నున్నాయో పటం గీసుకుని రా." (లేఖనాల్లో ఒక రాజు జనాన్ని లెక్కపెట్టించి తెగులు కొనితెచ్చుకున్న సంగతి నాకు తెలియక కాదు. ఆయన గర్వం కోసం లెక్కపెట్టాడు, నేను హాలు కోసం కదా అని సర్దుకున్నాను. గర్వం మూడో వీధిలో మొదలైంది.) కొత్త నోటుబుక్కు కొని, అట్ట మీద పెద్ద అక్షరాలతో 'కంటోన్మెంట్ వేగు' అని రాసుకున్నాను.

శనివారం పొద్దున్నే గేటు దగ్గర పేరు రాయించుకుని లోపలికి వెళ్ళాను. మధ్యలో పరేడ్ మైదానం. దానికి ఉత్తరాన చెట్ల నీడలో ఆఫీసర్ల బంగళాలు, అటు పోయే ధైర్యం చేయలేదు. దక్షిణాన జవాన్ల క్వార్టర్లు, అన్నీ ఒకే పసుపు రంగు, అన్నిటి ముందూ ఒకే సైకిలు ఉన్నట్టుండేది. నేను తయారుచేసుకుని వెళ్ళిన ప్రశ్న ఒకటే. "వందనాలండీ, ఇది తెలుగు ఇల్లేనా?" మొదటి తలుపు తీసిన ఆవిడ, "ఇల్లె" అంది. ఎంత పొడిగా అన్నా తెలుగు తెలుగే అని సంతోషించి ఒక గీత గీశాను. రెండో ఇంట్లోనూ "ఇల్లె". మూడో ఇంటాయన, "ఇంగె తెలుంగు ఇల్లె" అన్నాడు. నా చెవికి 'ఇంకేం, తెలుగు ఇల్లే' అన్నట్టు వినబడి, ఆయన ఉత్సాహానికి నాకు కళ్ళు చెమర్చాయి. ఒకావిడ "ఇల్లె, ఇల్లె, ఇల్లె" అని మూడుసార్లు చెప్పి తలుపు వేసేసింది. ఆ ఇంటి గీత పక్కన 'భక్తిపరులు, సిగ్గరులు' అని రాసుకున్నాను. మధ్యలో తొమ్మిది ఇళ్ళవాళ్ళు "అవునండీ, రండి, కూర్చోండి" అని మంచినీళ్ళు కూడా ఇచ్చారు. ఇదేమిటి, వీళ్ళు ఇంత వివరంగా మాట్లాడుతున్నారు అనుకున్నానే గానీ అనుమానం మాత్రం రాలేదు.

మైదానం వెనక చాకలి వరసలో, బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేస్తున్న ఒక అవ్వను అదే అడిగాను. "ఇల్లే నాయనా. ఈ వరసంతా ఇల్లే" అంది. పద్దెనిమిది గుమ్మాలు లెక్కపెట్టి గీతలు గీశాను. మొత్తం అరవై రెండు. దేవుడు అడిగినదానికి రెండింతలు ఇచ్చాడని పొంగిపోయి, ఆరేసిన దుప్పట్ల మధ్య కూర్చుని పటానికి నీళ్ళ ట్యాంకు గీస్తున్నాను. వెనక నుంచి ఒక బూటు నోటుబుక్కు పక్కన ఆగింది.

ఆ జవాను నన్ను సరాసరి సుబేదారు గారి బల్ల ముందు నిలబెట్టాడు. హాలు తాళాలు ఆయన దగ్గరే ఉంటాయని తర్వాత తెలిసింది. పెద్ద మీసాలు. నోటుబుక్కు అట్ట చూసి తెలుగులోనే చదివాడు.

"కంటోన్మెంట్ వేగు. ఏటి బాబూ, వేగులోళ్ళు ఈ మధ్య అట్ట మీద రాసుకుని మరీ వస్తన్నారా?"

"అది మా అయ్యగారి మాటండీ. గూఢచారి అని కాదండీ. ఊరికే చూసి రమ్మని."

"చూసి, పటం గీసి, నీళ్ళ ట్యాంకు గుర్తు పెట్టుకుని."

ఏడుపు ఒక్కటే తక్కువగా హాలు సంగతంతా చెప్పాను. ఆయనది శ్రీకాకుళం. నా గీతలు ఒక్కొక్కటే వేలితో దాటుతూ వెళ్ళి ఆగాడు. "ఈ ఇంట్లో ఉన్నోడు మా హవల్దారు, తమిళోడు. ఈడిని తెలుగోడని నీకెవులు చెప్పినారు?"

"వాళ్ళావిడేనండీ. తెలుగు ఇల్లేనా అంటే, ఇల్లె అంది."

ఆయన మీసాలు ముందు వణికాయి. తర్వాత బల్ల వణికింది. పక్క గదిలోంచి ఇద్దరొచ్చి ఏమైందని అడిగారు. కళ్ళు తుడుచుకుని, "బాబూ, తమిళంలో ఇల్లె అంటే లేదు, కాదు. ఆలందరూ కాదు మొర్రో అంటంటే నువ్వు గీతలు గీసేసినావు" అన్నాడు. నా అరవై రెండు ఇళ్ళు కళ్ళముందే కూలిపోయాయి. నిలబడినవి ఆ తొమ్మిదే.

"మరి ఆ ఇస్త్రీ అవ్వ?" అన్నాను నీరసంగా. "ఆవిడా ఇల్లే అందండీ."

ఆయన నవ్వు ఆపి లేచాడు. ఇద్దరం చాకలి వరసకు నడిచాం. అవ్వ నన్ను చూసి, "ఏమి నాయనా, మళ్ళా వస్తివే?" అంది. మీరు తమిళవాళ్ళు కారా అని సుబేదారు అడిగితే ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. "ఏం మాటన్నావు సారూ. మా తాత కాలం నుంచి ఈడనే ఉండాం. ఇంట్లో తెలుగే. పిలకాయలే స్కూలుకు పోయి తమిళం మాట్లాడతారు. తెలుగు ఇల్లేనా అని ఈ బిడ్డ అడిగె, ఇల్లే అంటిని. దాంట్లో తప్పేముండాది?" ఏళ్ళ తరబడి తన యూనిఫాం ఇస్త్రీ చేసిన మనిషితో రోజూ తమిళంలో మాట్లాడుతున్న సుబేదారు, తన చొక్కా మడత వైపు ఒకసారి చూసుకున్నాడు. "మేం గంగమ్మకు మొక్కేవాళ్ళం" అంది అవ్వ నా వైపు తిరిగి. "అయినా పాటలు పాడితే వినేదానికి వస్తాంలే."

తొమ్మిదీ పద్దెనిమిదీ ఇరవై ఏడు. సుబేదారు చుట్టూ చూసి, తగ్గు గొంతుతో, "మూడే గదేటి తక్కువ. గీసేయ్" అన్నాడు. పెన్ను చేతిలోనే ఉంది. మేడ మీద నలభై మంది, కింద టైర్ల మోత, క్రిస్మస్ గుర్తొచ్చాయి. "తెలియక ముప్పై ఐదు అబద్ధాలు రాశానండీ" అన్నాను. "తెలిసి మూడు రాయలేను." ముప్పై ఐదు గీతలూ కొట్టేసి, కింద ఇరవై ఏడు అని వేసి ఇచ్చాను. అయ్యగారికి ఏం చెప్పాలో తెలియక ఆ రోజు బస్సులో రెండు స్టాపులు దాటిపోయాను.

బుధవారం సుబేదారే ఫోను చేశాడు. నోటుబుక్కు పెద్ద ఆఫీసరు దాకా వెళ్ళిందట. తన లెక్క తానే సగానికి పైగా కొట్టేసుకున్న మనిషిని సర్వీసులో చూడలేదని ఆయన అన్నాడట. "హాలు ఇచ్చినారు బాబూ. అట్ట మాత్రం చింపేసినాను. ఆ పేరుతో ఫైల్లో పెట్టలేం గదా." క్రిస్మస్ నాడు హాల్లో చివరి వరుస అంతా చాకలి వరస అవ్వలే. మూడుసార్లు 'ఇల్లె' అన్నావిడ కూడా కేకు కోసం పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చింది. సిగ్గరి అన్నదాంట్లోనూ నేను పొరబడ్డాను.

ఇప్పుడు నాకు తమిళం బాగానే వచ్చు. నా కూతురికైతే తెలుగు కన్నా అదే వచ్చు. మొన్న శనివారం మా ఇంటి మేడ మీద బట్టలు ఆరేస్తుంటే కింద గుమ్మంలో ఒక కొత్త గొంతు. హైదరాబాదు నుంచి ఈ మధ్యే ఉద్యోగానికి వచ్చిన అమ్మాయి, మా సంఘంలోనే చేరింది. తెలుగు ఇళ్ళ కొత్త పట్టీ కోసం ఫోను పట్టుకుని వీధి తిరుగుతోంది. "ఇది తెలుగు ఇల్లేనా?" అని అడిగింది. లోపల్నుంచి మా పాప, నేను బయటికి వెళ్ళాననుకుని, "ఇల్లెక్కా, అప్పా వెళియ పోయిట్టారు" అంది. ఆ అమ్మాయి సంతోషంగా ఫోనులో ఏదో నొక్కుకుని పక్కింటి వైపు వెళ్ళిపోయింది. తడి దుప్పటి చేతిలో పట్టుకుని పిట్టగోడ దాకా వెళ్ళాను గానీ పిలవలేదు. ఆ గీత సరైనదే.