మునిశేఖర్ గురిచూసి వేసిన నిమ్మకాయ

ఐరాల చుట్టుపక్కల ఎక్కడ భారతం నాటకాల జాతర జరిగినా అర్జునుడి వేషం మా మునిశేఖర్‌దే. నేను మద్దెల వాయిస్తాను కాబట్టి వాడి ప్రతి అడుగూ నాకు తెలుసు. మామూలు రోజుల్లో చేనుపని, ఎండాకాలం వస్తే కిరీటం. మనిషి బంగారం, కానీ ఒట్టి మొండివాడు. వాడితో నేను పడ్డ పాట్లు ఆ దేవుడికే ఎరుక.

అర్జునుడు పాశుపతాస్త్రం కోసం తపస్సు చేసే రోజంటే ఇసకేస్తే రాలనంత జనం. గుడి ముందు నాటిన ఎత్తయిన తపసుమాను ఎక్కి, పద్యాలు పాడి, పైనుంచి నిమ్మకాయలు, విభూతి విసరాలి. పిల్లలు లేని ఆడవాళ్ళు తడిచీరలతో మాను చుట్టూ వరపడతారు, అంటే సాగిలపడి చేతులు చాచి ఎదురుచూస్తారు. కాయ చేతిలో పడితే కడుపు పండుతుందని నమ్మకం.

మునిశేఖర్ భార్య రేవతి కూడా ఏటా వాళ్ళలో ఉండేది. ఏటా వట్టి చేతులతోనే లేచేది. ఎందుకంటే వీడు కళ్ళు మూసుకుని విసిరేవాడు. తపసుమాను మీంచి వేసే కాయ కూడా అస్త్రమేననీ, అస్త్రాన్ని సొంతానికి వాడితే పనిచేయదనీ వీడి గురువు చెప్పిపోయాడు. "మొగుడి చేతిలోనే ఉండాదే, నీకొకటి ఎయ్యడా?" అని అమ్మలక్కలు పొడుస్తుంటే ఆమె ఇంటికొచ్చి వీణ్ణి దులిపేసేది.

పోయినేడు భారతానికి ముందు వాడి మేనల్లుడు రూపేష్ తిరుపతి నుంచి వచ్చాడు. కంప్యూటర్‌లో యుద్ధాల ఆటలు తయారుచేయడం ఆ అబ్బాయి పని. బటన్ నొక్కగానే మంటలొచ్చే అస్త్రాలు అందరి ఆటల్లోనూ ఉన్నాయట. ఇతని ఆటలో మాత్రం అవి నిజంగా ఉంటే ఎలా ఉంటాయో అలాగే ఉండాలట.

"పాశుపతం ఎట్ట పనిచేస్తాది మామా? ఊరికే వస్తాదంటే ఎవురూ నమ్మరు."

మునిశేఖర్‌కి పండగే పండగ. "అది కండబలంతో వచ్చేది కాదురా. తపస్సులో ఒళ్ళు ఎంత కరిగితే అంత వస్తాది. వదిలేటప్పుడు మంత్రం తప్పకూడదు, ఊపిరి చెదరకూడదు. చిన్నోడి మీద ఏసినావంటే లోకమే కాలిపోతాది. సొంతానికి వాడితే అసలుకే పనిచెయ్యదు."

అన్నీ బుద్ధిగా విన్న రూపేష్ చివరి మాట దగ్గర ఆగాడు. "సొంతానికని దానికెట్ట తెలుస్తాది మామా?"

"మా గురువు చెప్పినాడు."

"చెప్తే సాలదు గదా. లోపల ఏదో ఒకటి జరగాల. మా ఆటలో అయితే ఎవుడో ఒకడు వాడి సూస్తాడు. పనిచేసిందంటే ఆ రూలు అబద్ధమని తేలిపోతాది."

ఆ అబ్బాయిని నేను తప్పుపట్టను. తన పని తాను చేసుకున్నాడు. కానీ మునిశేఖర్ ముఖం చూడగానే వాడేం చేయబోతున్నాడో నాకు అర్థమైపోయింది. "వద్దబ్బా, ఆ ఆలోచనే పెట్టుకోవద్దు" అన్నాను. వింటేగా!

"రేవతికి నలభై ఐదు నిండుతాండాయి యోగానందా. ఇంగెప్పుడు?" అన్నాడు.

తపస్సు రోజు వాడు మాను మీద కళ్ళు తెరిచే ఉన్నాడు. గురిచూసి నేరుగా రేవతి చేతుల్లోకి వేశాడు. ఆమె కాయను గుండెకు హత్తుకుని వెక్కివెక్కి ఏడ్చింది. మద్దెల వాయిస్తూ నేనూ ఏడ్చాను, సిగ్గెందుకు! ఇంటికెళ్ళి ఆ కాయను తొక్కతో సహా తినేసిందట.

కొన్నాళ్ళకు ఆమెకు నెల తప్పింది. మునిశేఖర్ పరుగెత్తుకుంటూ వచ్చి నా నోట్లో చక్కెర పోశాడు. పై నెల కూడా తప్పేసరికి ఇద్దరూ చిత్తూరు పోయి చూపించుకున్నారు. పరీక్ష చేసిన డాక్టరమ్మ, కడుపు కాదనీ, ముట్లు ఆగిపోయే వయసొచ్చిందనీ చెప్పి పంపేసింది. అయ్యో, ఆ మాట వాళ్ళు ఎలా విన్నారో!

ఈ ఏడు భారతం పెద్దలు వేషం సంగతి మాట్లాడ్డానికి వచ్చారు. నేనూ వెంట వెళ్ళాను.

"నేనెక్కను. పైనుంచి ఆ చేతులు సూడలేను" అన్నాడు మునిశేఖర్, తల ఎత్తకుండా.

పెద్దలు వెళ్ళిపోయాక రేవతి బయటికొచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. గడప మీద కూలబడి మెల్లగా అంది:

"ఇన్నేండ్లూ నాకు ఎయ్యలేదని నిన్ను తిట్టుకుంటా బతికినా. ఇంగ ఎవుర్ని తిట్టేది?"