దాపల అంటే ఏటి?

మాస్టారు పోయారు. పోయిన మంగళవారం పొద్దున, తెలుక్ ఇంటాన్ ఆస్పత్రిలో. తొంభై దాటాయి కాబట్టి అన్యాయం అనడానికి లేదు, అయినా అన్యాయంగానే ఉంది. కబురు చెప్పింది ఆయన మనవడు, ఫోన్‌లో, తమిళంలో. ఇంట్లో తెలుగు తప్ప ఇంకో మాట పలకని మనిషి చావు కబురు నాకు తమిళంలో వచ్చింది. ఆ అబ్బాయిని తప్పుపట్టను, నేనూ తమిళంలోనే "సరి, వరేన్", సరే వస్తున్నా అన్నాను. ఫోన్ పెట్టేశాక మా ఆవిడతో మాత్రం తెలుగులో చెప్పాను, మాస్టారు ఎల్లిపోయినారు అని. చెప్పి అక్కడే వంటింటి పీట మీద కూలబడి ఏడ్చాను. డెబ్బై ఆరేళ్ళ ముసలాణ్ణి, సిగ్గేముంది.

ఊళ్ళో ఆయన్ని అందరూ తెలుగు మాస్టారనే ఎరుగుదురు. అంతకు ముందు ఆయన మా ఎస్టేటు ఫుట్‌బాల్ మాస్టారని ఎరిగినవాళ్ళలో మిగిలింది నేనొక్కణ్ణే. ఆయన ఆ ఆట ఎందుకు మానేశారో కూడా నాకే తెలుసు. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

మాది ఈ మలాయి దేశంలో ఒక కొబ్బరి ఎస్టేటు. తెలుక్ ఇంటాన్‌ని అప్పట్లో తెలుక్ ఆన్సన్ అనేవాళ్ళం, అక్కణ్ణుంచి లారీలో గంట దారి. అడవిలో తుపాకులు పట్టిన కమ్యూనిస్టులకీ సర్కారుకీ పోరు నడిచిన ఆ పన్నెండేళ్ళనీ ఇక్కడివాళ్ళం ఎమర్జెన్సీ అంటాం. మా ఇళ్ళ చుట్టూ ముళ్ళకంచె, ఒకటే గేటు. పనిలోకి పోయేటప్పుడు అన్నం మూట కూడా పట్టుకెళ్ళనిచ్చేవారు కారు, అడవిలోకి చేరుతుందని. సాయంత్రం గేటు మూసేలోగా అందరం లోపల ఉండాలి. పని అయ్యాక గేటు పడేదాకా మిగిలిన ఆ కాస్త పొద్దే మా ఆట.

మాస్టారు ఎస్టేటు బడిలో తెలుగు చెప్పేవారు. బడి వదలగానే పంచె ఎగ్గట్టి మైదానంలోకి వచ్చేసేవారు. అప్పట్లో గోలు కొట్టడానికి ముందు వరసలో ఐదుగుర్ని నిలబెట్టేవాళ్ళు. మా ఐదుగురి గురించే ఎస్టేటంతా ఒకటే గోల. వెనకాల ఆడేవాళ్ళు గట్టివాళ్ళే, మరి ముందు వరస సాలుద్దా? కల్లు దుకాణంలో అదే మాట, నీళ్ళ కొళాయి దగ్గర అదే మాట. ఎవరడిగినా మాస్టారు ఒక్కటే చెప్పేవారు, "పరుగెట్టడానికి సాలుద్ది. గెలవడానికి ఇంకా సాలదు." మా ముందరే అనేవారు. మాకు మండిపోయేది. మరుసటి రోజు ఇంకా గట్టిగా పరిగెత్తేవాళ్ళం.

ఆయన దగ్గర ఒక ఉపాయం ఉండేది. ఎడమ అని తెలుగులో అరిచినా, తమిళంలో అరిచినా, మలాయిలో కీరీ అన్నా అవతలి జట్టుకి ఇట్టే తెలిసిపోతుంది. అందుకని ఆయన వాళ్ళ నాన్న తోలిన కొబ్బరి బండి మాటలు తీశారు. కాడికి ఎడమవైపు కట్టేది దాపల ఎద్దు, కుడివైపు కట్టేది వలపల ఎద్దు. గీత పక్కన గొడుగు పట్టుకుని నిలబడి ఆయన "దాపల!" అని కేక వేస్తే బంతి ఎడమకి రావాలి. ఎడమ చివర ఆడేది నేను.

నేను ఈడుకొచ్చేసరికి బండ్లు పోయి లారీలొచ్చాయి. మా అమ్మ తమిళావిడ, ఇంట్లో తమిళమే. దాపల అంటే నాకేం తెలుసు? గీత దగ్గర ఎవరికీ కనపడకుండా ఉండు, బంతి రాగానే బయటికి రా అని మాస్టారు నాకు రోజూ చెప్పేవారు. దాచడం, దాపరికం, దాక్కోవడం లాంటి మాటలు అరకొరగా విన్నవాణ్ణి కాబట్టి దాపల అంటే దాక్కున్నవాడని నాకు నేనే అర్థం చెప్పుకున్నాను. ఆ పేరు చూసుకుని మురిసిపోయేవాణ్ణి కూడా.

మెర్దేకా, అదే స్వతంత్రం, వచ్చిన ఏడాది మా చుట్టుపక్కల ఎస్టేట్లకి పోటీ పెట్టారు. మేము ఆఖరి ఆట దాకా వెళ్ళాం. దానికి నాలుగు రోజుల ముందు ఇంకో ఎస్టేటు వాళ్ళతో ఆడి చూసుకుందామని లారీ ఎక్కాం. హుటాన్ మెలింటాంగ్ దారిలో పోలీసులు ఆపారు. అందర్నీ దింపి జేబులు వెతికారు. మాస్టారి చొక్కా జేబులో ఒక కాగితం దొరికింది. ఐదు సున్నాలు, వాటి నుంచి బాణాలు, ఒక్కో సున్నా కింద తెలుగు అక్షరాలు, చివర పెద్ద గీత. ఆటకి గీసుకున్న బొమ్మ అని ఆయన మలాయిలో చెప్పారు. వాళ్ళకది అడవి దారి పటంలా కనిపించింది. ఆయన్ని తడిక వెనక కూర్చోబెట్టి, మమ్మల్ని ఒక్కొక్కర్నీ పిలిచారు.

మాటలు మార్చి చెప్పడానికి అక్కడున్నది ఒక తమిళాయన. నా తమిళం విని ఆయనకి నా మీద గురి కుదిరింది. కాగితం చూపించి, ఎడమ సున్నా కింద ఏం రాసుంది, దాని అర్థమేమిటి అని మర్యాదగానే అడిగాడు. నాకు అక్షరాలు రాకపోయినా ఎడమ సున్నా నేనేనని తెలుసు, బళ్ళో జవాబు తెలిసిన పిల్లాడిలా ఛాతీ విరుచుకుని చెప్పాను, "దాపల. ఒళింజిరుక్కిరవన్." దాక్కున్నవాడు. ఆయన కలం ఆగింది. మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాను. రాసుకున్నాడు.

మా లారీని వెనక్కి పంపేశారు. మాస్టార్ని పంపలేదు.

తొమ్మిది రోజులు లాకప్‌లో ఉంచారు. ఇండియా పంపించేస్తారట అని కొందరు, అంతకన్నా పాడు మాటలు ఇంకొందరు. మాస్టారి భార్య మా ఇళ్ళకి వచ్చి, మీరంతా పక్కనే ఉన్నారు కదా, ఏటడిగినారు, ఏటి సెప్పినారు అని మమ్మల్ని ఒక్కొక్కర్నీ అడిగింది. ఆటేనని చెప్పినాం అన్నాను ఆవిడతో. అబద్ధం కాదు, అదీ చెప్పాను. ఆ రెండో మాట మింగేశాను. అప్పటికే నా తప్పేమిటో నాకు తెలిసిపోయింది, కూలీల మీద మేస్త్రీగా చేసిన ముసలి కంగాణీ ఒకాయన దాపల ఎద్దు సంగతి మాటల్లో అన్నాడు.

ఆయన లేకుండానే ఆఖరి ఆట ఆడాం, ఓడిపోయాం. ఆయన లేకుండానే మెర్దేకా వచ్చింది. బడి ముందర కొత్త జెండా ఎగరేశారు. పిల్లలకి పాట నేర్పింది ఆయనే. మొదటి మాట అందించేవాళ్ళు లేక ఒక పిల్ల మరీ పైన ఎత్తుకుంది, అందరూ దాన్నే పట్టుకుని సగంలో గొంతులు చాలక ఆగిపోయారు. నేను కంచె దగ్గర నిలబడి ఉన్నాను. నా దేశానికి స్వతంత్రం వచ్చిన పొద్దున నాకు సంతోషం అన్నదే లేదు.

తెలుగు చదవడం వచ్చిన పెద్దమనిషి ఒకాయన్ని తెలుక్ ఆన్సన్ నుంచి పిలిపించి కాగితం చదివించాక మాస్టార్ని వదిలారు. అదే చొక్కాతో వచ్చారు, అది వదులైపోయింది. గేటు దగ్గర మేమంతా తలలు వంచుకుని, ఓడిపోయినాం మాస్టారూ అన్నాం. సరే అని లోపలికి వెళ్ళిపోయారు. ఆ తరవాత ఆయన మైదానంలో అడుగుపెట్టలేదు. లాకప్ భయం అనుకున్నారు అందరూ. నేనూ అదే అనుకున్నాను, ఆ భయం నేను పెట్టిందేనని కుమిలిపోయాను.

ఎస్టేటు అమ్ముడుపోయి బడి మూతపడ్డాక ఆయన తెలుక్ ఆన్సన్ వచ్చేశారు. ఒక దుకాణం మేడ మీద రెండు గదుల్లో ఉంటూ సాయంత్రాలు పిల్లలకి తెలుగు చెప్పేవారు. బస్సులో టికెట్లు కొట్టే నేను డ్యూటీ దిగి, ఆ పిల్లల మధ్య మీసాలతో కూర్చుని అక్షరాలు దిద్దాను. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ మేడ మీద నేర్చుకున్నదే. ఆయనకో అలవాటు ఉండేది. ఎవరు ఏ మాట అన్నా మధ్యలో ఆపి "అంటే ఏటి?" అనేవారు. పాలు పోసే ఆయన్నీ వదల్లేదు, పెళ్ళిలో పంతుల్నీ వదల్లేదు. తెలియదంటే కోప్పడకుండా కూర్చోబెట్టి ఆ మాట చెప్పి, వాళ్ళచేత తిరిగి చెప్పించుకుని గానీ పంపేవారు కారు. ఊరంతా నవ్వుకునేది. నేనూ నవ్వేవాణ్ణి గానీ, అది విన్నప్పుడల్లా నాకు లోపల ముల్లు కదిలేది.

రెండు నెలల కిందట ఆయన మంచం పట్టారని తెలిసి వెళ్ళాను. మధ్యాహ్నం, ఇంట్లో వాళ్ళంతా ముందు గదిలో ఉన్నారు. ఇక దాచుకుంటే నాతోనే కాలుతుందనిపించింది. చెప్పేశాను. ఆ రోజు దాపల అంటే దాక్కున్నవాడని చెప్పింది నేనే మాస్టారూ అన్నాను.

ఆయన కళ్ళు తెరవలేదు. "తెల్సురా. తడిక ఎనకాలే ఉన్నాను గదా. ఇన్నాను."

తెలిసీ ఎందుకు అరవలేదు, తప్పని ఎందుకు చెప్పలేదు అని అడిగాను. ఏళ్ళ తరబడి నా ఎదురుగా కూర్చుని నాకు గుణింతాలు దిద్దించిన మనిషి.

"నువ్వు ఎంత గట్టిగా సెప్పినావురా, బళ్ళో అప్పజెప్పినట్టు. నా సేత అచ్చరం నేర్చుకోని గుంటడికి కేకెయ్యడం మాత్రం నేర్పినాను. దాని అర్దం ఏటో ఒక్క పూట సెప్పినానా? తప్పు నీది గాదు. ఇంక బంతి ఎందుకు నాకు, ముందు మాటలు సెప్పాల గదా అనుకున్నాను."

నేను ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుండిపోయాను. నేను యాభై ఏళ్ళ పైన మోసినదాన్ని ఆయన కూడా మోశారు, వేరే పేరుతో.

కాసేపటికి ఆయనే అడిగారు, "అవున్రా, ఓడిపోయినామన్నారు గానీ ఆ ఆట ఎలాగయింది? ఎవులూ నాకు సెప్పనేదు. ముందు వరస సాలిందా?"

సాలలేదు మాస్టారూ అని మొదలుపెట్టి ఆట మొత్తం చెప్పాను. ఆయన నిలబడే చోట మా లారీ డ్రైవరు నిలబడి "కీరీ లా, కీరీ!" అని అరుస్తుంటే, నాకన్నా ముందు అవతలి వాళ్ళే అక్కడికి చేరిపోయారని చెప్పాను. ఆయనకి నవ్వొచ్చింది, దగ్గూ వచ్చింది. మేము ఒక గోలు వెనకబడి ఉన్నాం, ఇంకాసేపట్లో అయిపోతుంది, అప్పుడు బంతి నా దగ్గరికి వచ్చింది, గోలు కాసేవాడు కింద పడి ఉన్నాడు, ఎదురుగా ఎవరూ లేరు. నేను గీత వైపు తిరిగి చూశాను. ఆ చూసిన ఒక్క క్షణంలో ఎవడో వచ్చి బంతి తన్నేశాడు.

"నానక్కడ లేనని తెల్సుగదరా. మరెందుకు సూసినావు?"

నేను దుప్పటి కొస సర్దాను. ఆయనే మెల్లిగా అన్నారు, "మల్లీ సెప్పు. బంతి నీకాడికి వచ్చిన కాణ్ణుంచి సెప్పు."

మళ్ళీ చెప్పాను. బంతి వచ్చింది, ఎదురుగా ఎవరూ లేరు అన్నాను. ఆ తరవాతది చెప్పడానికి నోరు రాక ఆగిపోయాను. ఆయన కళ్ళు మూసుకునే ఉన్నారు. దుప్పటి కింద ఆయన ఎడమకాలు వెనక్కి ముడుచుకుని, ఒక్కసారి బలంగా ముందుకు విసురుకుంది.