పెద్దమ్మ గుంతలో ఊరిన నీరు

మొన్న హైదరాబాదులో మేముండే అపార్ట్‌మెంటు లిఫ్టులో ఒక కాగితం అంటించారు. వెదురు తడికెలో, నూలు గుడ్డలో, సిమెంటూ రసాయనాలూ లేకుండా చనిపోయిన మనిషిని నేలకు అప్పగించే ఏర్పాటు చేస్తారట. పైన మొక్క కూడా నాటుతారట. పక్కింటాయన చదివి, "కొత్త పద్ధతి, బాగుంది సార్" అన్నారు. నేను తలూపాను. ఈలోగా లిఫ్టు మా ఇద్దరి అంతస్తూ దాటి పైకి వెళ్లిపోయింది. బిజినేపల్లి దగ్గరి పల్లెలో మా పెద్దమ్మ, అంటే అమ్మకు అక్క, ఏ కాగితమూ లేకుండా ఇదే ఏర్పాటు అడిగింది. ఆ కోరికలో రెండు భాగాలున్నాయనీ, ఒకటి తీరిస్తే రెండోది తీరదనీ ఆమెకు గుంత తవ్విన రోజున గాని తెలియలేదు.

మా వైపు క్రైస్తవ కుటుంబాల్లో ఇప్పుడు వార్నిషు వేసిన పెట్టె, లోపల మెరిసే పాలిస్టరు గుడ్డ, పైన గ్రానైటు పలక మామూలైపోయాయి. పెదనాన్నకు అవేవీ లేవు. మట్టిపనికి వలసపోయే గుంపులతో ఊరూరా కాలువలు తవ్వి, చివరికి ఊపిరితిత్తులు చెడి ఇంటికొచ్చిన ఆయనను సొంత చేను పల్లంలో ఒట్టి మట్టిలోనే పెట్టారు. పెద్దమ్మ ఆ పక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదిలి జొన్న వేయించేది. "గదే నా జాగ. పెట్టె వద్దు బిడ్డా, నాకు దమ్మాడదు. సిమెంటు అసలే వద్దు, ఆయనకు లేంది నాకెందుకు? ముతక చీరల సుట్టి పెట్టున్రి. మీద జొన్నలు సల్లుకోన్రి" అనేది. నవ్వుతూనే అనేది, కానీ ఎన్నిసార్లు చెప్పినా మాటల వరుస మారేది కాదు.

ఆమె ఎండాకాలంలో పోయింది. ఆ రోజుల్లో అక్కడ గుంత తవ్వాలంటే ముందుగా నేల మీద బిందెలతో నీళ్లు పోసి నాననివ్వాలి. లేకపోతే గడ్డపార దిగదు, చేతుల్లోనే ఎగిరిపడుతుంది. అలవాటు ప్రకారం పెదనాన్న పక్కన వదిలిన చోట ముందురోజు సాయంత్రమే పోశారు. పొద్దున తవ్వుతుంటే నడుము లోతులో తడి మెరిసింది. పోసిన నీళ్లేననుకుని ఇనుప తట్టలతో ఎత్తిపోశారు. మళ్లీ ఊరింది. మళ్లీ ఎత్తిపోశారు.

"ఎన్ని బిందెలు పోసిన్రురా? గుంత తవ్వమంటిమా, చెరువు కట్టమంటిమా?" అని పెదనాన్న తమ్ముడు గట్టు మీది నుంచి కసురుకున్నాడు.

భూగర్భ జలాల పరీక్ష నా ఉద్యోగం. లోపలికి దిగి చూశాను. పోసిన నీరైతే పైనుంచి బురదగా జారాలి. ఇది పక్క గోడలోని మొరం మట్టి పొరల నుంచి తేటగా వస్తోంది. ఎత్తిపోతల కాలువ వచ్చాక నేలలో నీటిమట్టం పెరిగింది. బావి నిండిందని సంబరపడిన వాళ్లెవరికీ ఆ నీరే గుంతలోకి కూడా వస్తుందన్న ఊహ రాలేదు. తరతరాలుగా ఎండిన నేలనే ఎరిగినవాళ్లకు ఎలా వస్తుంది?

పెద్దమ్మ కొడుకు, మా అన్న, అప్పటికే ఫోను తీశాడు. "సిమెంటు రింగులు దింపుదం, నీళ్లాగుతయ్. అమ్మ నాయిన పక్కకే ఉంటది. గంతే."

పాస్టరయ్య నా వైపు చూశారు. చెప్పవలసింది చెప్పాను. సిమెంటు లేకుండా ఇక్కడ పెడితే ఆమె ఉండేది మట్టిలో కాదు, నీళ్లలో. గాలి అందని చోట శరీరం తొందరగా మట్టి కాదు. ఆ కుళ్లు బావిలోకి దిగుతుంది. ఒట్టి మట్టే కావాలంటే చేను రెండో చివర, పొడి మొరం ఉన్న మిట్ట మీదికి తీసుకుపోవాలి.

"అమ్మను ఒక్కదాన్ని మిట్ట మీద పారేసొస్తమా?" అని అన్న నన్ను నిలదీశాడు.

శవం దగ్గర కూర్చున్న అక్క, పెద్దమ్మ కూతురు, తల ఎత్తకుండానే అంది: "ఇద్దరు ఒక్క తావున ఎప్పుడున్నర్రా? నాయిన బతుకంత వలసల్నే పాయె. అమ్మ ఇంటికాడ దారి సూస్కుంట ఉండె. దూరం ఆమెకు అలవాటే. దమ్మాడకుంట ఉండుడే అలవాటు లేదు. మట్టిల పెట్టున్రి."

అన్న ఫోను జేబులో పెట్టుకున్నాడు. మిట్ట మీద మేము తవ్వుతున్నంతసేపూ పల్లంలోని గుంత నిండుతూనే ఉంది. పెద్దమ్మను చేతుల మీదే దించాం. పెట్టె మీదైతే మొదటి పిడికెడు మన్నుకు చప్పుడవుతుంది. ముతక చీర మీద ఏ చప్పుడూ రాలేదు. అన్న అది భరించలేక ముఖం తిప్పుకున్నాడు.

ఇప్పుడా పల్లంలో వరి వేస్తున్నారు. పెదనాన్న ఉన్న చోటు మడి నీళ్ల కింద ఉంది. మిట్ట మీద కురిసిన వాన నేలలోకి ఇంకి, రాతి పగుళ్ల వెంట పల్లానికి నడుస్తుంది, చాలా నెమ్మదిగా. పెద్దమ్మ ఒంట్లోని ఉప్పు ఆ నీటితో పాటు పెదనాన్నను చేరడానికి ఎంత కాలం పడుతుందో లెక్కగట్టే సూత్రం నాకు తెలుసు. ఇంతవరకు లెక్కగట్టలేదు. వచ్చే సంఖ్య ఏదైనా, అది మాలో ఎవరి ఆయుష్షులోనూ ఇమడదు.